ఓపీ చీటీకి పది రూపాయలు పెట్టకండి: మా ఆసుపత్రి అభివృద్ధి సంఘం సభ్యులకు బహిరంగ లేఖ

సభ్యులందరికీ నమస్కారం.

నేను మీలో చాలామందికి తెలుసు. 33 ఏళ్లు ఏఎన్ఎంగా, అంటే ఇంటింటికీ తిరిగే నర్సమ్మగా, ఆఖర్న హెల్త్ సూపర్‌వైజరుగా కోనసీమ లంకల్లో, గోదావరి పాయల మధ్య ఊళ్లలో, పనిచేసి రిటైరయ్యాను. మీలో ఇద్దరి పిల్లలకు మొదటి పోలియో చుక్కలు వేసింది నేనే. మొన్న సమావేశానికి పిలిస్తే వచ్చి వెనక కూర్చున్నాను. అక్కడ నోరు విప్పలేకపోయాను. ఇంటికొచ్చాక రెండు రాత్రులు సరిగ్గా నిద్ర పట్టలేదు. అందుకే నలుగురూ చదివేలా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ రోజు మీలో ఒకరన్నారు: "ఫ్రీ కదా అని అయినదానికీ కానిదానికీ వచ్చేస్తున్నారు. ఒకే మొహం నెలలో మూడుసార్లు కనబడుతోంది. ఓపీ చీటీకి పది రూపాయలు పెడదాం, అవసరం ఉన్నవాడే వస్తాడు." ఇంకొకరు అందుకుని బడి సంగతి కూడా అంతేనన్నారు. పుస్తకాలు, బట్టలు, భోజనం అన్నీ ఊరికే ఇస్తుంటే చదివే ధ్యాస లేనివాడు కూడా వచ్చి కూర్చుంటున్నాడన్నారు. చాలామంది తలలూపారు. నిర్ణయం వచ్చే సమావేశానికి వాయిదా పడింది.

ఆ మాటలన్నవాళ్లు జనం మీద అక్కసుతో అన్నారని నేననుకోను. చీటీ మాటెత్తిన పెద్దమనిషి సొంత డబ్బుతో వార్డులో ఫ్యాన్లు వేయించారు. 2022 జూలై వరదల్లో తన ట్రాక్టరు మీద మా వ్యాక్సిన్ డబ్బాలు దాటించారు. సోమవారం ఉదయం చీటీల కిటికీ దగ్గర తోపులాట చూసి, నిజంగా జబ్బున్నవాళ్లు ఎండలో నిలబడుతున్నారని బాధపడే ఆ మాటన్నారు. ఆ బాధ నాకూ ఉంది. కానీ దానికి ఆయన చెప్పిన కారణం తప్పు. చెప్పిన మందు ఇంకా తప్పు.

ముందు ఆ మూడుసార్లు కనబడే మొహం సంగతి చెబుతాను. ఆ మొహాలు నాకు బాగా తెలుసు. వాటిలో ఎక్కువ భాగం బీపీ, షుగరు ఉన్నవాళ్లవి. వాళ్లు నెలకు మూడుసార్లు ఎందుకొస్తారంటే, మనం ఒక్కోసారి పది రోజుల మాత్రలే ఇస్తున్నాం కాబట్టి. స్టాకు చాలదని, అందరికీ సర్దాలని పది రోజులకు కుదించారు. పదకొండో రోజున ఆ ముసలావిడ మళ్లీ పడవెక్కాలి, ఆటో ఎక్కాలి, చీటీ రాయించుకోవాలి, డాక్టరుగారి దగ్గర ఒక వరస, మందుల కిటికీ దగ్గర ఇంకో వరస నిలబడాలి. మన రిజిస్టరులో అది మూడు ఓపీలు. జబ్బు మాత్రం ఒక్కటే, మనిషీ ఒక్కరే. 2017లో మొదలైన భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో ముఖ్యమైన సూత్రాల్లో ఒకటి, మందులు కనీసం నెలకు సరిపడా ఒకేసారి ఇవ్వాలని. అది పాటిస్తే మీరు చూసిన వరసలో ఎంతమంది తగ్గిపోతారో ఒక్కసారి లెక్కేయండి. ఎవరి దగ్గరా రూపాయి తీసుకోనక్కర్లేదు.

ఇప్పుడు ఒక మనిషి గురించి చెబుతాను. పేరూ ఊరూ చెప్పను. కొబ్బరి వలుపు పని చేసేవాడు. యాభై ఏళ్లుంటాయి. షుగరుందని తెలిసి అప్పటికి రెండేళ్లయింది, మాత్రలు మన దగ్గరే తీసుకునేవాడు. ఒక రోజు వలుస్తుంటే గునపం జారి కాలి బొటనవేలి పక్కన గీసుకుంది. షుగరు వల్ల అరికాళ్లు మొద్దుబారి ఉన్నాయేమో, పెద్దగా నొప్పి తెలియలేదు. పసుపు పెట్టి గుడ్డ చుట్టుకుని పనికెళ్లిపోయాడు. నేను వాళ్ల వీధిలో బాలింతను చూడ్డానికి వెళ్లినప్పుడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. దగ్గరికి వెళ్లకముందే వాసన తెలిసింది. గుడ్డ విప్పి చూస్తే రెండు వేళ్లు నల్లబడి ఉన్నాయి.

"ఎన్నాళ్లయిందయ్యా?" అన్నాను.

"పద్దెనిమిది రోజులయ్యుంటాదండి."

"మరి ఆసుపత్రికి ఎందుకు రాలేదు? మధ్యలో మాత్రలకు వచ్చావుగా?"

తల దించుకున్నాడు. "వచ్చేనండి. మాత్రలు తీసుకున్నప్పుడు చూపిద్దామనే అనుకున్నానండి. ఆ కిటికీ కాడ బాబు 'మళ్లీ వచ్చావా' అన్నాడండి. పెద్ద దెబ్బేం కాదు కదా, దీనికి కూడా ఎల్తే ఏటనుకుంటారో అని వచ్చేసేనండి."

కాకినాడ పెద్దాసుపత్రికి పంపాం. రెండు వేళ్లు తీసేశారు. మూడు వారాలు వార్డులో ఉన్నాడు. ఆయన భార్య కూలి మానేసి పక్కనే కూర్చుంది. వలుపు పనిలో కాలు ఆనించి నిలబడాలి. ఆ తర్వాత ఆయన ఆ పని చేయలేకపోయాడు.

నేను చాలాసార్లు ఆలోచించాను. ఆ రోజు కిటికీ దగ్గర పది రూపాయలు అడగలేదు. అడిగింది ఒక్క మాట: మళ్లీ వచ్చావా. ఆ మాటకే ఆయన వెనక్కి తిరిగాడు. మర్యాద ఉన్న మనిషి. ఊరికే వస్తున్నాడని అనిపించుకోవడం ఇష్టం లేదు. మీరు సమావేశంలో అన్న మాట ఇప్పటికే ఆసుపత్రి గుమ్మంలో చాలామంది నోట నలుగుతోంది. దానికి రేపు చీటీ ధర తోడైతే ఎవరు ఆగిపోతారు? కబుర్లకు వచ్చేవాడు ఆగడు, వాడి జేబులో పది రూపాయలుంటాయి. ఈ వలుపు ఆయనలాంటివాళ్లు ఆగిపోతారు.

అసలు "ఉచితం" అంటున్నామే, లంకలో ఉన్నవాళ్లకు అది ఏనాడూ ఉచితం కాదు. రేవు దాటాలంటే పడవకు ఇవ్వాలి, ఇటు దిగాక ఆటోకు ఇవ్వాలి. అన్నిటికన్నా ఆ రోజు కూలి పోతుంది. కోతలప్పుడు ఒక రోజు కూలి అంటే నాలుగు రోజుల కూరాకు ఖర్చు. పైగా గంటల తరబడి నిలబడాలి. ఇంత పెట్టుకుని వచ్చే మనిషి సరదాకు వస్తాడా? కారులో వచ్చేవాళ్లు, ఎవరో ఒకరి చేత ఫోను చేయించుకునేవాళ్లు వరసలో నిలబడరు, ఆ సంగతి మీకూ తెలుసు.

ఊరికే ఇస్తే జనం ఎగబడి తీసుకుంటారన్న మాట వింటే నాకు బోదకాలు మాత్రలే గుర్తొస్తాయి. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు ఎంత పాత జబ్బో చెప్పనక్కర్లేదు. మన తాతల్లో, అమ్మమ్మల్లో ఆ కాలు లేని వీధి ఉండేది కాదు. దాన్ని తరిమేయడానికి ఊరంతటికీ ఒకేసారి మాత్రలిచ్చే కార్యక్రమం నడిచింది. పెద్దవాళ్లకు మూడు డీఈసీ మాత్రలు, ఒక ఆల్బెండజోల్. పైసా అక్కర్లేదు. ఆసుపత్రికి కూడా రానక్కర్లేదు, మేమే గుమ్మంలోకి వెళ్లి చేతిలో పెట్టేవాళ్లం. ఇంతకంటే ఉచితం ఇంకేముంది?

"అన్నం తిన్నాక ఏసుకుంటానండి, ఆయ్" అనేవాళ్లు. నవ్వుతూ తీసుకునేవాళ్లు. ఒక ఇంట్లో గడప పక్క గూట్లో చెయ్యి పెడితే పోయినేటి మాత్రలు, అంతకు ముందేటి మాత్రలు కాగితం పొట్లాల్లోనే ఉన్నాయి. ఒక పొట్లాన్ని చీమలు పట్టాయి. దాంతో కళ్ల ముందే మింగించడం మొదలుపెట్టాం. చెంబుతో నీళ్లు తెచ్చి, "నా తల్లివి కదూ, ఇప్పుడే మింగు" అని బతిమాలేవాళ్లం. గర్భిణులకిచ్చే రక్తం మాత్రలదీ ఇదే కథ. కడుపులో తిప్పుతుందని, విరేచనం నల్లగా అవుతుందని పక్కన పడేస్తారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. ఇన్నేళ్లుగా మాత్రలు ఊరికే ఇస్తున్నా ఉంది. నా ఉద్యోగం మొత్తంలో, ఉచితంగా ఇచ్చింది ఎక్కువ వాడేస్తున్నారని నేను బాధపడ్డ రోజులు బహుకొద్ది. వాడట్లేదని ఏడ్చిన రోజులే ఎక్కువ.

కాన్పుల సంగతీ చూడండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆసుపత్రికి వచ్చి కనమని ఇంటింటికీ తిరిగి చెప్పేదాన్ని. అత్తగార్లు నన్ను గుమ్మంలోనే నిలబెట్టి పంపేసేవాళ్లు. 2005–06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 64 కాన్పులే ఆసుపత్రుల్లో జరిగేవి. 2019–21 నాటికి మన రాష్ట్రంలో అది 96 దాటింది. 108 బండి వచ్చింది, కాన్పుకు డబ్బు తీసుకోకూడదన్న నియమం వచ్చింది, మాలాంటివాళ్లం కాళ్లరిగేలా తిరిగాం. జనం చివరకు మా మాట విన్నారు. ఇవాళ మీకు రద్దీగా కనిపించేదాంట్లో కొంత అదే. ఎన్నో ఏళ్లు రమ్మని పిలిచి, వచ్చాక ఎందుకొచ్చారని అడగడం న్యాయం కాదు.

మా మేనకోడలు పబ్లిక్ హెల్త్ చదివింది. సమావేశం సంగతి చెబితే, ఈ చర్చ కొత్తది కాదత్తా అని కొన్ని విషయాలు విప్పి చెప్పింది. 1970ల్లో అమెరికాలో రాండ్ అనే సంస్థ రెండు వేలకు పైగా కుటుంబాలతో ఏళ్ల తరబడి ఒక పరీక్ష చేసింది. కొందరికి వైద్యం పూర్తిగా ఉచితం. మిగిలినవాళ్లు ఖర్చులో కొంత పెట్టుకోవాలి. మీరన్నది కొంతవరకు అక్కడ నిజమైంది. డబ్బు కట్టాల్సిన వాళ్లు వైద్యం తక్కువగా వాడారు, దాదాపు మూడో వంతు తక్కువ. చాలామంది ఆరోగ్యంలో పెద్ద తేడా కూడా రాలేదు. ఇది దాచడం నాకిష్టం లేదు. కానీ అందులో తేలిన ఇంకో సంగతి మనకు ముఖ్యం. జనం అనవసరమైన వైద్యాన్ని మాత్రమే మానుకోలేదు. అవసరమైనదాన్నీ అంతే మానుకున్నారు. ఏది అవసరమో ఏది కాదో తేల్చడం డాక్టరు పని, రోగికి ఎలా తెలుస్తుంది? బీపీ ఉన్న పేదవాళ్లకైతే ఉచితంగా అందినప్పుడే రక్తపోటు బాగా అదుపులో ఉంది. మన ఓపీలో నిలబడేది సరిగ్గా ఈ చివరి రకం వాళ్లే. బీపీ ఉన్నవాళ్లు, డబ్బు లేనివాళ్లు.

రెండోది మన ఇళ్లకు ఇంకా దగ్గరది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న మనం బళ్లలో పిల్లలకు నులిపురుగుల మాత్ర వేస్తాం కదా. అదే మందును కెన్యాలో కొన్ని బళ్లలో ఉచితంగా ఇచ్చారు, కొన్ని బళ్లలో తల్లిదండ్రుల దగ్గర చిన్న రుసుము తీసుకున్నారు.  ఉచితంగా ఇచ్చిన చోట నూటికి 75 మంది పిల్లలు మింగారు. రుసుము పెట్టిన చోట 18 మంది. పురుగులు ఎక్కువున్న పిల్లల తల్లిదండ్రులేమైనా ముందుకొచ్చి కట్టారా అంటే, అలాంటిదేమీ కనబడలేదు. దోమతెరలదీ అంతే. అదే దేశంలో గర్భిణులకు ఊరికే ఇచ్చిన తెరలనూ కొనుక్కున్న తెరలనూ పోల్చి చూస్తే, ఊరికే వచ్చిందని వాడకుండా పడేసినవాళ్లు ఎక్కువగా కనిపించలేదు. ధర పెట్టినకొద్దీ తీసుకునేవాళ్లు మాత్రం బాగా తగ్గిపోయారు. చిన్న రుసుమే కదా అని మనం అనుకుంటాం. చిన్న రుసుముకే అంతమంది ఆగిపోయారు.

సమావేశంలో రైతు సభ్యులొకరు కాలువ పోలిక తెచ్చారు. నీళ్లకు లెక్క లేకపోతే పైవాళ్లు తోడేసుకుంటారు, శివారుకు చుక్క రాదు, ఆసుపత్రీ అంతేనన్నారు. ఈ పోలిక నాకు నచ్చింది, ఎందుకంటే మేమూ శివారు రైతులమే. మా నాన్న దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్లు రాక గట్టు మీద రాత్రిళ్లు కాపలా కాసినవాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ డెల్టా పైవాడికీ శివారువాడికీ మధ్య తగువు తీరుస్తూనే ఉంది. పది లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు. మరి ఆ తగువును మనవాళ్లు ఎలా తీర్చుకున్నారు? వంతు పెట్టారు. కాలువలు కాసే లస్కర్లను గట్ల మీద తిప్పారు. తూములు సరిచేశారు, పూడిక తీశారు. శివారువాడి దగ్గర చెంబుకింత అని వసూలు చేసి కాదు. ఆసుపత్రిలో శివారువాళ్లంటే రేవు దాటి వచ్చే లంకవాళ్లు, మత్స్యకారుల ఇళ్లలో ముసలివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు. పది రూపాయల తలుపు పెడితే ముందు మూతపడేది వాళ్ల బోదే, వాళ్ల పిల్లకాలువే.

ఇంకో తేడా కూడా ఉంది. పొలానికి నీరు ఎక్కువ పెట్టుకుంటే ఏదో లాభం ఉందనుకుని పెట్టుకుంటారు. ఇంజెక్షను సూది ఎవరికి సరదా? డొక్కా సీతమ్మగారు లంకల గన్నవరంలో రేవు దాటే బాటసారులకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టారని మనం తరాలుగా చెప్పుకుంటున్నాం. తిన్నవాళ్లు కడుపుకు పట్టినంతే తిని పడవెక్కారు. జబ్బు కూడా అంతే, ఉన్నంతవరకే వైద్యం పడుతుంది.

అయితే వృథా లేదని నేననను. ఉంది. అది ఎక్కడుందో చూపించడానికే ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం రాయాలనుకున్నాను. జ్వరం వస్తే గ్లూకోజు బాటిల్ పెట్టమని అడిగేవాళ్లున్నారు. మాత్ర ఇస్తే "సూది వేయరా అండి" అని మొహం చిన్నబుచ్చుకుంటారు. ఈ అలవాటు ఎవరు నేర్పారు? ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర, పట్నంలో నర్సింగ్ హోముల్లో, డబ్బు కట్టి నేర్చుకున్నారు. నీరసం అన్నవాళ్లందరికీ బాటిల్ ఎక్కించి మూడొందలు తీసుకునే చోట నేర్చుకున్నారు. మన దగ్గర డాక్టరుగారు "అక్కర్లేదమ్మా, మజ్జిగ తాగు, రెండు రోజుల్లో తగ్గుతుంది" అని చెప్పగలరు, ఎందుకంటే బాటిల్ పెడితే ఆయనకొచ్చే లాభం లేదు. కానీ ఆ మాట నమ్మేలా చెప్పడానికి ఐదు నిమిషాలు కావాలి. ఒక డాక్టరు అన్ని వందల మందిని చూడాల్సి వస్తే ఆ ఐదు నిమిషాలు ఎక్కడివి?

ఆపరేషను కాన్పుల లెక్క చూడండి. అదే 2019–21 సర్వేలో మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రుల కాన్పుల్లో నూటికి 63 కోతలే. ప్రభుత్వాసుపత్రుల్లో 27 దాకా ఉన్నాయి. అదీ తక్కువేం కాదు, కానీ ప్రైవేటులో సగం కూడా లేదు. గర్భసంచి సంగతి చెప్పాలంటే నాకు గొంతు పట్టేస్తుంది. మా ఏరియాలో ముప్పై, ముప్పై అయిదేళ్లకే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు వీధికి ఇద్దరు ముగ్గురు తగిలేవాళ్లు. తెల్లబట్ట అవుతోందని వెళితే, క్యాన్సరు వస్తుందని భయపెట్టి తీసేసినవీ ఉన్నాయి. 2015–16 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి తొమ్మిది మందికి దగ్గర దగ్గర గర్భసంచి తీసేశారు. దేశం సగటు మూడు. ఆ ఆడవాళ్లు మోజుపడి తీయించుకున్నారా? ఆపరేషను చేస్తే ఎవరికో బిల్లు వస్తుంది. ఆ బిల్లు కట్టింది అప్పు చేసిన మొగుడా, ప్రభుత్వ పథకమా అన్నది తర్వాత సంగతి. అతిగా వాడటాన్ని అరికట్టాలని మీకు నిజంగా ఉంటే, మీ చూపు పడాల్సింది బిల్లు రాసే చేతి మీద.

బడి గురించి కూడా ఒక మాట చెప్పి తీరాలి. మీలో చాలామందికి బడి వేరు, ఆసుపత్రి వేరు. నాకు కాదు. ఎనిమిదో తరగతిలో బడి మానేసి రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్లిన పిల్ల, రెండు మూడేళ్లకు నా గర్భిణుల రిజిస్టరులో కనిపించేది. వయసు ఎంత రాయాలో తెలియక పెన్ను పట్టుకుని అలా కూర్చునేదాన్ని. వాళ్లమ్మ పక్కనుంచి "పద్దెనిమిదని రాసేయండి" అనేది. మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని 2019–21 సర్వేలోనే ఉంది. చదివే ధ్యాస లేకుండా వచ్చి కూర్చుంటున్నారన్నారు మీరు. కూర్చోనివ్వండి. బెంచీ మీద కూర్చున్నన్నాళ్లూ ఆ పిల్ల షెడ్డులో ఐసునీళ్లలో చేతులు పెట్టి నిలబడదు, పెళ్లిపీటల మీద కూర్చోదు. మధ్యాహ్నం గుడ్డు తింటుంది. అక్షరం ఎక్కకపోతే అది పంతులుగారితో కూర్చుని మాట్లాడాల్సిన సంగతి. భోజనం ఊరికే పెట్టినందువల్ల వచ్చిన చిక్కు కాదు.

2003లో కెన్యాలో ప్రాథమిక బడి ఫీజులు ఎత్తేస్తే, పది లక్షల మందికి పైగా పిల్లలు కొత్తగా వచ్చి చేరారు. వాళ్లతోపాటు మరుసటి ఏడాది కిమానీ మరూగే అనే 84 ఏళ్ల తాత యూనిఫారం వేసుకుని ఒకటో తరగతిలో చేరాడు. గదులు చాల్లేదు, పంతుళ్లు చాల్లేదు, నిజమే. ఆ పిల్లలంతా అంతకుముందు కూడా ఉన్నారు కదా. ఫీజు వాళ్లను మన కళ్లకు కనబడకుండా చేసింది, అంతే. చదువును మోతాదు మించి వాడటం చూడాలంటే మన డెల్టాలోనే చూడొచ్చు. లక్షలు కట్టి చేర్చిన హాస్టళ్లలో ఇంటర్ పిల్లలు తెల్లవారుజామున లేచి రాత్రి పది దాకా పుస్తకం ముందు కూర్చుంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టక, అన్నం సహించక, సెలవులకు ఇంటికొచ్చి నా దగ్గరికి వచ్చిన పిల్లలున్నారు. వాళ్ల తల్లిదండ్రుల్లో ఒక్కరూ ఉచితమని పంపలేదు.

ఇక మీ చేతిలో ఉన్నవి చెబుతాను. నేను పెద్ద పెద్దవి అడగట్లేదు. బీపీ, షుగరు మాత్రలు నెలకు సరిపడా ఇప్పించండి. స్టాకు చాలకపోతే పైకి రాయండి, మీ సంతకాలతో రాస్తే విలువ ఉంటుంది. వాళ్లకు వారంలో ఒక రోజు, ఒక కిటికీ వేరుగా పెట్టండి, ఆ రోజు లంకల నుంచి వచ్చేవాళ్లకు పడవ వేళ కుదిరేలా చూడండి. చీటీల దగ్గర ఒక నర్సును కూర్చోబెట్టండి. ఎవరు ముందు వెళ్లాలో, ఎవరికి డాక్టరు అక్కర్లేకుండా కట్టు కడితే సరిపోతుందో ఆమె చూసుకుంటుంది. దెబ్బ తగిలిన షుగరు మనిషి ఏ రోజు వచ్చినా, ఎన్నోసారి వచ్చినా ముందు లోపలికి పంపాలని గోడ మీద రాయించండి. సంఘం దగ్గరున్న డబ్బు చాలకపోతే, చీటీల మీద వచ్చే చిల్లరకంటే మీలో నలుగురు ఊళ్లోని మిల్లుల, చెరువుల యజమానుల గడప తొక్కితే ఎక్కువ వస్తుంది. ఫ్యాన్లు అలాగే వచ్చాయి కదా.

కిటికీ దగ్గర కూర్చునే పిల్లాడితో నేను మాట్లాడాను. వాడు చెడ్డవాడు కాదు. పొద్దుటి నుంచి మూడింటి దాకా ఒక్కడే రాస్తాడు. ఆ మాట అలవాటుగా వచ్చేస్తుందన్నాడు. ఇకమీదట "మళ్లీ వచ్చావా" బదులు "ఎలా ఉందిప్పుడు" అని అడుగుతానన్నాడు. రెండు రోజుల నుంచి అడుగుతున్నాడట.

వచ్చే సమావేశానికి ముందు ఒక్క సోమవారం నాకివ్వండి. మీలో ఎవరు వీలైతే వాళ్లు, ముఖ్యంగా చీటీ మాటెత్తిన పెద్దమనిషి, వచ్చి చీటీల కిటికీ పక్కన నాతో కూర్చోండి. నేను ఒక నోటు పుస్తకం తెస్తాను. వచ్చిన ప్రతి మనిషిని ఎక్కడి నుంచి వచ్చారు, ఎందుకొచ్చారు, ఈ నెలలో ఎన్నోసారి, ఇక్కడికి రావడానికి ఎంతైంది అని అడిగి రాద్దాం. ఊరికే వచ్చినవాళ్లెందరో మీరే పక్కన గీత పెట్టండి, నేను అడ్డు చెప్పను. మొదటి పడవ ఆరున్నరకు రేవులో ఆగుతుంది. ఏడున్నరకల్లా లంకవాళ్లు గేటు దగ్గర ఉంటారు, మనం ఏడుంబావుకు కూర్చుంటే సరిపోతుంది. మీకు కుర్చీ, టీ నేను చూసుకుంటాను.

ఇట్లు,
మీ ఊళ్ల మధ్య తిరిగిన ఒక రిటైర్డ్ ఏఎన్ఎం